తిప్పమ్మకి కన్నెవరు తెరిచారు

మా డాబా మీద గదిలో ఉండే వెంకటలక్ష్మికి ఆఫీసు పిల్లలెవరో విజిటింగ్ కార్డులు అచ్చు వేయించి ఇచ్చారు. పేరు కింద ‘మల్టీ డిసిప్లినరీ ఆర్టిస్ట్’ అని ఉంది. ఆ కార్డు పట్టుకుని గబగబా మెట్లు దిగొచ్చి, “పిన్నమ్మా, దీని అర్థమేమి?” అని అడిగింది.

“నీకు ఒక్క పని మీదా నిలకడ లేదని మర్యాదగా చెప్పారే తల్లీ,” అన్నాను.

పడీ పడీ నవ్వింది. దానికి కోపం రాదు. దాని వాటా కోపం కూడా దేవుడు నాకే ఇచ్చినట్టున్నాడు. నా పేరు కనకలక్ష్మి. మాది నిడదవోలు. ముప్పై రెండేళ్ళు గవర్నమెంటు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన శ్రీనివాసరావు గారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. బోరబండ స్టేషనుకి నాలుగు వీధులవతల మా ఇల్లు. నా నోటికి జడిసి కూరగాయల బండివాడు మా గేటు దగ్గర గొంతు తగ్గిస్తాడని మా ఆయన అంటారు. అబద్ధం. వాడికి గొంతు జబ్బు.

సరే, నా సంగతి కాదు కదా చెప్పాలి. వెంకటలక్ష్మి పదేళ్ళ కిందట ఒక ట్రంకుపెట్టె, ఒక వెదురుబుట్ట, కుంచెల కట్ట పట్టుకుని వచ్చింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ మనిషి ఏం పని చేస్తుందంటే నేను ఒక ముక్కలో చెప్పలేను. సోమవారం రాయదుర్గం మెట్రో పక్కన ఏదో ఆఫీసులో గోడకి బొమ్మలు వేస్తుంది. మర్నాడు ఉద్యోగం చేసే తల్లులు పిల్లల్ని దింపి వెళ్ళే చోట కూచుని కథలు చెబుతుంది. ఒక్క గొంతులోంచి ముసలమ్మ, పులి, తహసీల్దారు, చంటిపిల్ల అందరూ వస్తారు. శుక్రవారం స్కూలు వార్షికోత్సవానికి నెమలి వేషాలు కుడుతుంది. పండగలొస్తే ఆఫీసుల గుమ్మాల్లో పూలతో ముగ్గులు. మధ్యలో ఎప్పుడు చూసినా డాబా మీద టకటకమని ఉలి చప్పుడు. మేకతోలు మీద బొమ్మలు చెక్కి, రంగులద్ది, దీపాలకి గుడిసెల్లా చుట్టి అమ్ముతుంది. ఆ దీపాలు మీరు పెద్ద పెద్ద హోటళ్ళలో చూసే ఉంటారు.

“ఇన్ని పనులు ఎక్కడ నేర్చావే?” అంటే, “నేర్చిందేమీ లేదు పిన్నమ్మా, అంతా ఒకటే పని. మా ఇంట్లో అందరూ అన్నీ చేస్తాండ్రి,” అంటుంది.

వాళ్ళది ధర్మవరం అవతల ఒక ఊరు. తోలుబొమ్మలాట వాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీలాంటి ఏదో భాష. తాతల తాతలు బొమ్మలబుట్టలు బండ్ల మీద వేసుకుని అటు నుంచి ఇటు వచ్చారట. తెర కట్టడానికి ఒకరు, రంగుకి ఒకరు, పాటకి ఒకరు అని లేదు. కుటుంబమంతా తెర వెనక నిలబడాల్సిందే. వెంకటలక్ష్మికి ఐదో ఏడు వచ్చేసరికి కాళ్ళ కింద చెక్కలు పెట్టి, యుద్ధం వచ్చినప్పుడల్లా దబదబా తొక్కమన్నారట. ఏడో ఏట ఆడ బొమ్మలన్నిటికీ పాట తనే. ఒకసారి చలికి వణుకుతూ ఒక రాణి బొమ్మని కప్పుకుని పడుకుందట. పొద్దున్నే నాయన వీపు విమానం మోత మోగించాడు. “బొమ్మ నిన్ను కప్పుకోవల్ల గానీ, నువ్వు బొమ్మని కప్పుకుంటావా?” అని అరిచాడట. ఆ మాటకి అర్థం ఏమిటో దానికీ తెలీదు, నాకూ తెలీదు. కానీ చెప్పినప్పుడల్లా ఇద్దరం నవ్వుతాం.

పెళ్ళి బోరబండలో ఒక బోర్డుల ఆర్టిస్టుతో అయింది. దుకాణాల మీద పేర్లు రాసేవాడు. అతని దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ‘ఆ’కి పొట్ట ఎంతుండాలి, ‘శ్రీ’ ఎక్కడ మొదలెడితే ఎక్కడికొచ్చి ఆగుతుంది, ఇవన్నీ చెబుతుంటే బళ్ళో అన్నేళ్ళు బోర్డు మీద సుద్దముక్కతో రాసిన నేనే నోరు తెరుచుకుని వినేదాన్ని. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. ఆ తర్వాత కామెర్లొచ్చి అతనూ పోయాడు. పిల్లలు లేరు. కుంచెలు మాత్రం కిరసనాయిలుతో కడిగి, గుడ్డ చుట్టి తెచ్చుకుంది. అవే ఇప్పటికీ వాడుతుంది.

నాలుగేళ్ళ కిందట వాళ్ళ నాయన గోవిందప్ప గారు వచ్చి కూతురి దగ్గర ఉండిపోయారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, గొంతు విప్పితే కింద మా పూజగదిలో గంట కదిలేది. ఊళ్ళో ఆటలు ఆగిపోయాయి, ఆడేవాళ్ళూ చెదిరిపోయారు. వచ్చిన రోజు నుంచీ ఆయనకి కూతురి పని ఏదీ నచ్చలేదు.

“గోడలకి రంగులేసేది, దీపాలకి తోలు చుట్టేది. అది ఆటనా? ఆడే చెయ్యి వేరే, అమ్మే చెయ్యి వేరే,” అనేవారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా పిల్ల రచ్చ గెలుచుకుని వచ్చి ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. ఆ గడప ఏమిటో నాకు చాలా రోజులకి గానీ అర్థం కాలేదు.

విషయం బొమ్మకి కన్ను. తోలు గీకి, బొమ్మ గీసి, నగల చోట చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, రంగులు వేసి, అన్నీ అయ్యాక చివర్న కంటిపాప నడుమ ఒక్క బెజ్జం పెడతారు. దీపం ముందర పట్టినప్పుడు ఆ బెజ్జంలోంచి వెలుగొస్తే బొమ్మ చూస్తున్నట్టే. దాన్ని కన్ను తెరవడం అంటారు. అది ఇంటి పెద్ద చేతుల మీదుగానే జరగాలి. ఉలి మీద ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ వెయ్యకూడదు. గురి తప్పితే ఆ బొమ్మ పుట్టకముందే పోయినట్టు లెక్క, పారే నీళ్ళలో వదిలెయ్యాలి. అమ్మే దీపాల మీద బొమ్మలకి కన్ను గీస్తారు గానీ తెరవరు. ఆడే బొమ్మకే కన్ను.

ముప్పై ఐదేళ్ళుగా బొమ్మలు చెక్కుతున్న వెంకటలక్ష్మి ఒక్క కన్నూ తెరవలేదు. ఆడపిల్ల ఇంకో ఇంటికి పోయేది, దానికి కన్ను ఇవ్వరట. కొడుకుకిస్తారట. గోవిందప్ప గారికి కొడుకుల్లేరు. “నాతోనే కన్ను మూసుకుంటాది,” అనేవారు, అదేదో గొప్ప సంగతయినట్టు.

నాకు ఒళ్ళు మండేది. “అడగవేమే? అడగందే అమ్మైనా పెట్టదు,” అనేదాన్ని.

“అడిగి తీసుకుంటే అది కన్నెట్ల అవుతాది పిన్నమ్మా? ఆయనకి అనిపించల్ల గదా, నేను ఆర్టిస్టునని,” అనేది. పాతిక ఆఫీసుల గోడల మీద దాని బొమ్మలున్నాయి. వాటికి వచ్చిన చప్పట్లన్నీ ఒకెత్తు, వాళ్ళ నాయన నోట్లోంచి రాని ఆ ఒక్క మాట ఒకెత్తు.

పోయిన చలికాలం నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీ నుంచి నీహారిక అనే అమ్మాయి వచ్చింది. మాటల్లో రాజమండ్రి పిల్లని ఇట్టే తెలిసిపోయింది, కాఫీ ఇచ్చాను. కంపెనీ పెట్టి పదేళ్ళయిందట, ఆఫీసు కింద ఉన్న హాల్లో తోలుబొమ్మలాట ఆడించాలట. “ఏ కథైనా పర్లేదండి, కానీ మా చోటికి సంబంధించినదైతే బాగుంటుందండి,” అంది.

ఇంకేముంది. వెంకటలక్ష్మి పదిహేను రోజులు షేర్ ఆటోల్లో నానక్‌రామ్‌గూడకి తిరిగింది. ఎందుకే అంటే రాళ్ళు చూడ్డానికి అంది. అక్కడ ఆ అద్దాల మేడల మధ్య ఇంకా మిగిలిన ఊళ్ళో ముసలివాళ్ళతో కూచుని మాట్లాడేది. ఆటోలో పక్కన కూచున్న ఒకావిడ అందట, “గా లిఫ్టు ఉన్న కాడనే మా మేక ఈనింది బిడ్డా,” అని. ఆ ముక్క పట్టుకుని ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గోడ మీద బొగ్గుతో గీయడం మొదలెట్టింది. నా గోడ మీద! అయినా ఏమీ అనలేదు. అంటే ఆ కళ్ళలో వెలుగు ఎక్కడ ఆరిపోతుందోనని భయం వేసింది.

అలా పుట్టింది తిప్పమ్మ. మేకలు కాసే మనిషి. ఆ చోట గుట్టలుగా పడి ఉన్న బండలతో మాట్లాడుతుంది, పోట్లాడుతుంది, మేడ కట్టేవాళ్ళు వచ్చినప్పుడు ఒక్కో బండకీ పేరు పెట్టి సాగనంపుతుంది. కథ వెంకటలక్ష్మిదే, పాటలూ దానివే. మొత్తం తొమ్మిది బొమ్మలు. తిప్పమ్మ మూడడుగులుంటుంది. చీరకి వాడిన ఎరుపు గురించి అడిగితే, “సాయంత్రం ఐదింటికి రాయదుర్గం మెట్రో మీద నిలబడితే ఎదురుగా అద్దాల్లో కనపడ్తాది చూడు, ఆ ఎరుపు,” అంది. మర్నాడు నేను పనిగట్టుకుని వెళ్ళి చూశాను. నిజమే.

ఇంకో సంగతి ఉంది, అది జాగ్రత్తగా వినండి. తోలుబొమ్మలన్నీ ఎదటికి చూస్తాయి. ముక్కుకి తిన్నగా చూపు. తిప్పమ్మని మాత్రం తలెత్తి పైకి చూస్తున్నట్టు గీసింది. బండల్ని చూడాలంటే తలెత్తాలి, ఇప్పుడు ఆ మేడల్ని చూడాలన్నా తలెత్తాలి, ఆ ఊళ్ళో మనుషులందరికీ మెడ అలా అలవాటైపోయింది అంది.

గోవిందప్ప గారు మొదట మొండికేశారు. “దేవుడు లేని ఆట ఏమాట? మేకలు కాసేదానికి కన్నెంటికి?” అన్నారు. కానీ ఒక రోజు మధ్యాహ్నం అది బట్టలారేస్తూ తిప్పమ్మ పాట అందుకుంది. పెద్దాయన మంచం మీద లేచి కూచున్నారు. పాట అయిందాకా కదల్లేదు. ఆ తర్వాత, “ఆదివారం పొద్దున కన్ను తెరుస్తా. దీపం సిద్ధం చెయ్యి,” అన్నారు. వెంకటలక్ష్మి తడి చీర భుజం మీద వేసుకుని అలాగే కిందికి పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. నా జాకెట్టంతా తడిసిపోయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పెద్దాయనకి చూపు తగ్గిందని నాకు కొన్నాళ్ళుగా అనుమానం. మెట్లు లెక్కపెట్టుకుని దిగేవారు. టీ గ్లాసు అందుకునే ముందు చెయ్యి గాల్లో ఒక్క క్షణం తడుముకునేది. ఒకసారి నేను, “కళ్ళ దవాఖానకి వెళదామా గోవిందప్ప గారూ?” అన్నాను. ఈ ఊళ్ళో పదేళ్ళుగా ఉంటున్నాం కదా, మాకూ దవాఖాన అనే అలవాటైంది. “నా కండ్లకేమైంది అమ్మా, చుక్కలు లెక్కబెడ్తా,” అన్నారు. మీసం మెలేశారు. నేను ఊరుకున్నాను. ఊళ్ళో వాళ్ళందరి మీదా నోరు పారేసుకునే నేను, అరవాల్సిన చోట అరవలేదు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి డాబా మీద చాప వేశారు. చింతమొద్దు మీద తిప్పమ్మని పడుకోబెట్టారు. కొబ్బరికాయ, బెల్లంముక్క, ఆముదం దీపం. కన్ను తెరవగానే బొమ్మ మొట్టమొదట దీపాన్నే చూడాలట, అందుకు దీపం పట్టుకునే పని నాకిచ్చారు. పెద్దాయన తలపాగా చుట్టుకుని కూచున్నారు. బొటనవేలితో బొమ్మ మొహం తడిమారు. ముక్కుపుడక దగ్గర పొడిచిన బెజ్జాలు వేలికి తగిలాయి. అక్కడి నుంచి రెండు వేళ్ళు కొలిచి, ఉలి నిలబెట్టి, సుత్తితో ఒక్కటే దెబ్బ వేశారు. చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు.

ఊదారు. నవ్వుతూ, “చూస్తాందా?” అన్నారు.

తిప్పమ్మ కన్ను అలాగే మూసుకుని ఉంది. బెజ్జం అంగుళం కింద, బుగ్గ మీద పడింది.

తప్పు ఎలా జరిగిందో నాకు తర్వాత తెలిసింది. అరవై ఏళ్ళుగా ఆయన చేతికి ఒకటే కొలత. ముక్కుపుడక నుంచి రెండు వేళ్ళు, అక్కడ కన్ను. ఎదటికి చూసే బొమ్మకైతే ఆ కొలత వెంట్రుకవాసి తేడా రాదు. కళ్ళు పోయినా చెయ్యి ఉందన్న ధీమాతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఈ బొమ్మ తలెత్తి ఉందని ఆయనకి తెలీదు. వెంకటలక్ష్మి చెప్పలేదు, చూశారులే అనుకుంది.

నేను నోరు తెరవబోయాను. వెంకటలక్ష్మి నా మోకాలు గట్టిగా నొక్కింది.

“చూస్తాంది నాయనా,” అంది. “బాగా చూస్తాంది.”

పెద్దాయన బెల్లంముక్క నోట్లో వేసుకుని, ఇంకో ముక్క నాకిచ్చారు. ఆ బెల్లం నాకు వేపాకులా తగిలింది.

కిందికొచ్చాక దాన్ని దులిపేశాను. “మంగళవారం ఆట. నీ తిప్పమ్మ గుడ్డిది, పైగా బుగ్గకి చిల్లు. చెప్పెయ్యవే, ఇవాళ కాకపోతే రేపైనా తెలియదా?”

“చెప్తే ఆయన ఇంక ఉలి పట్టడు పిన్నమ్మా. ఉలి పట్టకపోతే ఆయన ఉండడు.”

“అయితే బొమ్మని నీళ్ళలో వదిలెయ్. ఇంకోటి చెయ్.”

“తోలు ఆరేదానికే వారం కావల్ల. వదిలేదానికి నాకు చేతులు రావు.”

“పోనీ, కన్ను నువ్వే తెరువు!” అన్నాను విసురుగా. అనేసి నాలిక్కరుచుకున్నాను. అది నన్ను అలా చూసిన చూపు నేనెప్పుడూ మర్చిపోను. కొట్టినట్టు చూసింది.

సోమవారమంతా దాని ఉలి చప్పుడు లేదు. మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి మా తలుపు కొట్టింది. “నాయన నీళ్ళు పోసుకుంటాండాడు. దీపం పట్టుకుంటావా?” అంది. నేను దీపం వెలిగించుకుని వెళ్ళాను. ఇద్దరం మా వంటింట్లో రోలు పక్కన కూచున్నాం. తెచ్చింది వాళ్ళ నాయన ఉలి కాదు, దీపాలకి వాడే తన సొంత ఉలి. అది నోట్లో ఏదో అనుకుంది, వాళ్ళ భాషలో. సుత్తి ఎత్తి మళ్ళీ దించింది. “రెండో దెబ్బ పిన్నమ్మా,” అంది. “మా వంశంలో ఎవరూ వెయ్యలేదు.”

నాకూ ఏడుపొచ్చింది. లెక్కల టీచర్ని, నాకు ఇలాంటి వాటి మీద పెద్ద నమ్మకం లేదు. అయినా దీపం కదలకుండా పట్టుకున్నాను.

టక్ మంది. తిప్పమ్మ కంట్లోకి వెలుగొచ్చింది.

బుగ్గ మీద బెజ్జం చుట్టూ నల్లరంగుతో గుండ్రంగా దిద్దింది. దిష్టిచుక్కలా ఉంది. మా చుట్టాల పిల్లలకి కూడా అంత అందమైన దిష్టిచుక్క ఎవరూ పెట్టలేదు.

శివ ఆటోలో బొమ్మలతో సహా అందరం ఇరుక్కుని బయల్దేరాం. మా వీధి చివర ఉంటాడు శివ. “జర పైలంగ పట్టుకోండ్రి, స్పీడ్ బ్రేకరుంది,” అని దారి పొడుగునా హెచ్చరిస్తూనే ఉన్నాడు. గోవిందప్ప గారు కొత్త పంచె కట్టారు. ఆయన తెర వెనకే ఉంటారనుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. తీరా అక్కడికెళితే నీహారిక ఆయనకి పూలగుత్తి ఇచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూచోబెట్టింది. “మీరు మా చీఫ్ గెస్టండి తాతగారూ,” అంది. పరిగెత్తి పక్క కుర్చీలో కూలబడ్డాను.

“అమ్మా,” అన్నారు ఆయన, “అరవై ఏండ్లలో నేనెప్పుడూ తెరకి ముందర కూచోల్యా.”

దీపాలార్పారు. తెల్లటి తెర మీద వెలుగు పడింది. నాలుగొందల మంది ఆఫీసు పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి చూశారంటే నమ్మండి. తెర వెనక వెంకటలక్ష్మి ఒక్కతే, అయినా చెక్కలు దబదబలాడాయి. బండలు వచ్చి నిలబడ్డాయి, మేకలొచ్చాయి. అప్పుడు తిప్పమ్మ వచ్చింది, ఎర్రటి చీరలో, తలెత్తి. “ఓ బండా, నా బండా, నీ వీపు మీద ఎండబెట్టిన వడియాలు ఎవరు తిన్నారే?” అని అందుకుంది. హాలంతా ఘొల్లున నవ్వింది.

పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నారు. కళ్ళు చిట్లించి తెర వైపు వంగి చూస్తున్నారు. ఆయనకి గీతలు కనబడవు, రంగులు కలిసిపోతాయి, కానీ చీకట్లో వెలుగు చుక్క కనిపిస్తుందని నేను ఆలోచించనే లేదు.

“ఆ బిడ్డ మొగంలో రెండు వెలుగులుండాయేమమ్మా?”

“ఒకటి దిష్టిచుక్కండి,” అన్నాను.

“యాది? పైదా, కిందిదా?”

అబద్ధమాడదామనుకున్నాను. తను కొట్టింది కిందిదేనని ఆయన చేతికి తెలుసు, ‘పైది’ అంటే అయిపోయేది. ఆయన సంతోషంగా ఇంటికొచ్చేవారు. కానీ అప్పుడు ఆ పిల్ల వేసిన దెబ్బ దిష్టిచుక్క అయిపోతుంది, కన్ను కాకుండా పోతుంది. నేను దీపం పట్టిన కన్ను అది.

“కిందిది,” అన్నాను.

చెయ్యి వదిలేశారు. ఆట ఇంకో అరగంట ఉంది, నేనేం చూశానో నాకు గుర్తులేదు. బండలన్నీ వెళ్ళిపోతుంటే పక్కన సాఫ్ట్‌వేరు పిల్లాడొకడు ముక్కు చీదుకోవడం మాత్రం వినబడింది.

చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. వెంకటలక్ష్మి తెర వెనక నుంచి తిప్పమ్మని పట్టుకునే బయటికొచ్చింది, చెమటలు కారుతూ, నవ్వుతూ. నీహారిక మైకు తెచ్చి పెద్దాయనకిచ్చి, “తాతగారూ, అమ్మాయి గురించి రెండు మాటలు చెప్పండి,” అంది. ఆయన లేచారు. మైకు అక్కర్లేని గొంతు కదా, దాన్ని పక్కన పెట్టి చెయ్యి చాచారు. “బొమ్మనిట్లియ్యి.”

వెంకటలక్ష్మి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. దానికి అర్థమైపోయింది. నవ్వు పోయింది. బొమ్మని తెచ్చి చేతుల్లో పెట్టింది.

ఆయన బొటనవేలితో తడిమారు. ముక్కుపుడక, బుగ్గ మీద బెజ్జం. వేలు అక్కడే చాలాసేపు ఆగింది. తర్వాత పైకి జరిగి, రెండో బెజ్జం దగ్గర ఆగింది. మళ్ళీ గడ్డం దాకా వచ్చి, మెడ తడిమింది.

“తల పైకెత్తినావా దీనికి?”

“అవు నాయనా.”

“నాకు చెప్పల్యా.”

“నువ్వు చూసినావనుకుంటి.”

“నాకు కనపడదు,” అన్నారు. అంతమంది ముందు, ఆ గొంతుతో. “రెండేండ్లుగా నాకేమీ కనపడదు. ఎవురికీ చెప్పల్యా.” నేను ఆయన వెనక నిలబడి, ఏం చెయ్యాలో తోచక ఆయన పంచె కొంగు పట్టుకున్నాను, ఎందుకో తెలీదు.

వెంకటలక్ష్మి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. “రెండో దెబ్బ వేసినా నాయనా. తప్పు చేసినా. నీళ్ళలో వదలల్ల గానీ వదల్లేకపోతిని.”

గోవిందప్ప గారు వంగి, తడుముకుంటూ కూతురి తల మీద చెయ్యి వేశారు.

“రెండోది యాడిది పిచ్చిదానా? నాది కంట్లో పడల్యా గదా,” అన్నారు. “నీదే మొదటి దెబ్బ.”